పెట్టుడు కాలి నడకను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్టుడు కాలు వాడేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, ఫిజియోథెరపీ, ప్రోస్థెటిక్స్ (పెట్టుడు అవయవాల తయారీ) చదివే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

నడకను కొలవడం అంటే అసలు ఏం కొలుస్తారు?

మొదట కొలిచేవి టైము, దూరం. ఎంత వేగంగా నడుస్తున్నారు, ఒక్కో అడుగు ఎంత పొడవు పడుతోంది, ఏ కాలి మీద ఎంతసేపు నిలుస్తున్నారు అనేవి. తర్వాత కోణాలు. తుంటి, మోకాలు, చీలమండ ఏ క్షణంలో ఎంత వంగుతున్నాయో చూస్తారు. చివరగా బలాలు. పాదం నేలను ఎంత గట్టిగా, ఏ దిక్కుగా నొక్కుతోందో చూస్తారు.

ఒక మడమ నేలను తాకిన క్షణం నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక చక్రం. రెండు కాళ్లూ బాగున్న మనిషి మామూలుగా నడుస్తుంటే, ఆ చక్రంలో దాదాపు 60 శాతం సేపు కాలు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు మోకాలు 60 డిగ్రీల దాకా వంగుతుంది. పెట్టుడు కాలితో ఈ అంకెలు మారతాయి. ఎక్కడ మారాయి, ఎందుకు మారాయి అని చూడటమే నడక కొలిచే మా పని.

ఒక విషయం ముందే చెప్పాలి. పేరుకు పెట్టుడు కాలిని కొలుస్తున్నా, ఎక్కువ సంగతులు బయటపెట్టేది రెండో కాలు. పెట్టుడు కాలు చేయలేని పనిని ఆ మంచి కాలే చేస్తుంది, నడుము కూడా కొంత పంచుకుంటుంది. అందుకే ఒక్క కాలి గ్రాఫే ఉన్న రిపోర్టును నేను రిపోర్టుగా లెక్కపెట్టను.

అనుభవం ఉన్నవాళ్లు కంటితో చూసి చెప్పేస్తారు కదా, ఇన్ని మెషీన్లు ఎందుకు?

చాలా విషయాలు కంటికే తెలుస్తాయి. మంచి ప్రోస్థెటిస్ట్ కారిడార్‌లో రెండుసార్లు నడిపించి చూస్తే సగం సమస్య పట్టేస్తారు. కానీ కంటికి బలాలు కనిపించవు. సెకనులో పదో వంతు తేడాలు కూడా దొరకవు. అన్నిటికీ మించి, మూడు నెలల క్రితం ఎలా నడిచారో కన్ను గుర్తుపెట్టుకోదు. పాదం మార్చాక, అలైన్‌మెంట్ (కాలి భాగాలను ఏ వరసలో, ఏ వాలులో బిగించారన్నది) సరిచేశాక నిజంగా మేలు జరిగిందా లేదా తేల్చుకోవాలంటే అంకె కావాలి.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

1880ల్లో ఫ్రాన్స్‌లో మారే, అమెరికాలో మైబ్రిడ్జ్ వరస ఫొటోలతో మనుషుల, జంతువుల కదలికను పట్టుకున్నారు. 1890ల్లో జర్మనీలో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఒక మనిషి ఒంటికి వెలిగే గాజు గొట్టాలు కట్టి చీకట్లో నడిపించి, ఒక్కో కీలు దారిని మూడు కొలతల్లో లెక్కగట్టారు. మనిషిని సిద్ధం చేయడానికే గంటలు పట్టేది. లెక్కలన్నీ చేత్తోనే.

పెట్టుడు కాళ్ల కోసమే ఈ పని పెద్ద ఎత్తున జరిగింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక. కాళ్లు పోయి తిరిగొచ్చిన సైనికులకు అప్పట్లో ఇచ్చిన కాళ్లు బాగాలేవని గొడవ మొదలయ్యాక, అమెరికాలో ప్రభుత్వం డబ్బు పెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో సర్జన్ వెర్న్ ఇన్మన్, సివిల్ ఇంజినీర్ హోవర్డ్ ఎబర్‌హార్ట్ కలిసి పనిచేశారు. ఎబర్‌హార్ట్ స్వయంగా ఒక ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవాడు. ఎముకలు నడకలో ఎంత మెలితిరుగుతాయో తెలుసుకోవడానికి వాళ్లు వలంటీర్ల ఎముకల్లోకి నేరుగా పిన్నులు దించి నడిపించి కొలిచారు. పెట్టుడు పాదం ఎలా ఉండాలో చెప్పాలంటే మామూలు కాలు ఏం చేస్తుందో ముందు తెలియాలి కదా. అంతకుముందు ఆ వివరం ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. ఇవాళ గెయిట్ ల్యాబుల్లో, అంటే నడకను కొలిచే ల్యాబుల్లో, పిల్లల మెదడు పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) నుంచి క్రీడాకారుల గాయాల దాకా కొలిచే పద్ధతుల వెనక ఆ పని చాలా ఉంది.

ల్యాబ్‌లో నాకు ఏం చేస్తారు? నొప్పి ఉంటుందా?

నొప్పి ఉండదు, ఇప్పుడు పిన్నులు లేవు. పొట్టి నిక్కరు వేసుకోమంటారు. తుంటి, తొడ, మోకాలు, పిక్క, పాదాల మీద చిన్న గుండ్రటి మార్కర్లు అంటిస్తారు. గది చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాటి వెలుగును సెకనుకు 100 సార్లో, ఇంకా ఎక్కువో పట్టుకుంటాయి. మీరు ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటారు. మధ్యలో నేలలో, పాదం నొక్కే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్లు బిగించి ఉంటాయి.

ప్లేటు ఎక్కడుందో మీకు చెప్పకపోతే ఏదో దాస్తున్నారనుకోకండి. చెబితే కాలు దాని మీదే పడాలని అడుగు సాగదీస్తారు, దాంతో ఆ కొలత పాడవుతుంది. మొదటి కొన్ని రౌండ్లు కూడా పక్కన పెట్టేస్తాం. నలుగురు చూస్తుంటే ఎవరైనా కాస్త బిగుసుకుని నడుస్తారు, ఆ టెన్షన్ తగ్గాకే అసలు నడక బయటికొస్తుంది.

పెట్టుడు కాలి మీద ఎముకే లేదు కదా, మార్కర్ ఎక్కడ పెడతారు?

చాలా మంచి ప్రశ్న. చదువుకునే పిల్లలు తడబడేది ఇక్కడే.

మామూలు కాలిలో చీలమండ దగ్గర రెండు పక్కలా ఎముక బొడిపెలు చేతికి తగులుతాయి, మార్కర్లు వాటి మీద పెడతాం. సాఫ్ట్‌వేర్ ఆ రెంటి మధ్యలో కీలు ఉందనుకుంటుంది. పెట్టుడు కాలిలో ఆ బొడిపెలు ఉండవు. మోకాలి పైన కాలు పోయినవాళ్లయితే పెట్టుడు మోకాలి ఇరుసు బయటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీదే పెట్టవచ్చు. నాలుగు ఇరుసులున్న మోకాలైతే వంగేకొద్దీ తిరిగే కేంద్రం జరుగుతూ పోతుంది. ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని, పెట్టిన చోటు రాసి ఉంచాలి. పాదానికి మాత్రం సాధారణంగా మంచి కాలి మీద చీలమండ ఎత్తు కొలిచి, అదే ఎత్తులో ఇటు గుర్తు పెడతారు.

ఇంకో చిక్కు ఉంది. జైపూర్ పాదం, శాచ్ పాదం (కదలని చీలమండ, మెత్తటి మడమ ఉన్నది), కార్బన్ పాదం వీటిలో తిరిగే కీలే లేదు. రబ్బరు నలుగుతుంది, కార్బన్ పట్టీ వంగుతుంది. మరి రిపోర్టులో చీలమండ 12 డిగ్రీలు వంగింది అని వస్తే దాని అర్థం ఏమిటి? లేని కీలు దగ్గర కోణం అది. పిక్క చోట ఉండే పైపుకూ పాదానికీ మధ్య వాలు ఎంత మారిందో చెబుతుంది, అంతవరకు పనికొస్తుంది. ఆ కోణాన్ని బలంతో గుణించి కీలు దగ్గర ఇంత శక్తి పుట్టింది అని తేల్చేస్తే మాత్రం తప్పు దారి పడతాం. అందుకే కొందరు పరిశోధకులు కీలు సంగతి వదిలేసి, పిక్క కింద ఉన్న మొత్తాన్నీ సాగి, నలిగే ఒకే ముక్కగా తీసుకుని శక్తి లెక్క వేస్తారు. పాదాలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఆ పద్ధతి నయం.

చిన్న విషయమే కానీ చెప్పాలి. మెరిసే పైపులు, నట్లు కెమెరాకు మార్కర్లలా కనిపిస్తాయి. మెరవని నల్ల టేపు చుట్టేస్తే గోల వదులుతుంది.

సాకెట్ లోపల స్టంప్ ఎలా కదులుతోందో ఇందులో తెలుస్తుందా?

స్టంప్ అంటే కాలు తీసేశాక మిగిలిన భాగం, సాకెట్ అంటే అది దూరే గట్టి తొడుగు. లోపలి కదలిక నేరుగా తెలియదు. మార్కర్లు ఉండేది సాకెట్ బయట. లోపల ఎముక ఒకటి రెండు సెంటీమీటర్లు పైకీ కిందకీ జారుతున్నా బయటి కెమెరాకు కాలు చక్కగానే కనిపిస్తుంది. లోపల చూడాలంటే కదిలే ఎక్స్‌రే లాంటివి కావాలి, అవి మామూలుగా పరిశోధనలోనే వాడతారు.

గుర్తులు మాత్రం దొరుకుతాయి. కాలు గాలిలోకి లేచినప్పుడు సాకెట్ జారి, కాలు పొడవు పెరిగినట్టు అవుతుంది. అప్పుడు మనిషి తుంటి ఎత్తుతాడు, లేదా మంచి కాలి మునివేళ్ల మీద లేస్తాడు. ఆ రెండూ కొలతలో స్పష్టంగా పడతాయి. స్టంప్ పొద్దున ఒక సైజు, సాయంత్రానికి ఒక సైజు ఉంటుంది కాబట్టి, కొలిచిన రోజు సాకెట్ వదులు కాకుండా స్టంప్‌కు ఎన్ని సాక్సులు వేసుకున్నారు, ఏ వేళలో కొలిచారు అన్నది కూడా రాయాలి. లేకపోతే సాక్సు తేడాను పాదం తేడా అనుకుంటాం.

ఫోర్స్ ప్లేటు గ్రాఫులో రెండు గుట్టలు ఉన్నాయి. అవి ఏమిటి?

మామూలు వేగంతో నడిచే మనిషికి నేల ఇచ్చే ఎదురు బలం రెండు శిఖరాలుగా వస్తుంది. మొదటిది బరువు కాలి మీదకు దిగినప్పుడు, రెండోది మునివేళ్లతో తోసినప్పుడు. రెండూ ఒంటి బరువు కంటే కొంచెం ఎక్కువే, 110 నుంచి 120 శాతం దాకా ఉంటాయి. మధ్యలో ఒక పల్లం.

పెట్టుడు కాలి వైపు రెండో గుట్ట తరచుగా చిన్నగా ఉంటుంది. పిక్క కండ లేదు కాబట్టి వెనక్కి తోసే శక్తి పుట్టదు. కార్బన్ పాదం తన మీద పడిన బరువులో కొంత దాచి తిరిగి ఇస్తుందే తప్ప కొత్తగా తయారుచేయదు. ఆ లోటు ఎక్కడ తీరుతుంది? మంచి కాలి మొదటి గుట్ట చూడండి. వెనక కాలు సరిగ్గా తోయకపోవడంతో ముందు కాలి మీద ఒళ్లు గట్టిగా పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా నడిచినవాళ్లలో చాలామందికి అరిగిపోయేది ఆ మంచి మోకాలే. కాలు పోయింది కుడివైపు అయితే డాక్టర్ దగ్గరికి వెళ్లేది ఎడమ మోకాలి నొప్పితో.

గుట్టలు చదునుగా ఉంటే మాత్రం వెంటనే కంగారు పడొద్దు. నెమ్మదిగా నడిస్తే ఎవరికైనా చదునవుతాయి.

రిపోర్టులో సిమెట్రీ ఇండెక్స్ 13 అని ఉంది. ఇది చెడ్డదా?

సిమెట్రీ ఇండెక్స్ అంటే రెండు కాళ్ల మధ్య తేడా ఎంతో చెప్పే అంకె. ముందు అది దేని ఇండెక్సో చూడండి. ఉదాహరణకు మంచి కాలు 0.80 సెకన్లు నేల మీద ఉంటే, పెట్టుడు కాలు 0.70 సెకన్లు ఉందనుకుందాం. తేడా 0.10. రెంటి సగటు 0.75. తేడాను సగటుతో భాగించి 100తో గుణిస్తే 13.3. లెక్క ఇంతే. సున్నా అంటే రెండూ సమానం. రెండు కాళ్లూ బాగున్నవాళ్లకు కూడా సున్నా రాదు. చాలాచోట్ల 10 శాతాన్ని గీతగా పెట్టుకుంటారు.

ఇక్కడ నా అభిప్రాయం కాస్త వేరు. రెండు కాళ్లూ ఒక్కలా లేనప్పుడు నడక ఒక్కలా ఉండాలని పట్టుబట్టడం ఎందుకు? ఒకవైపు కండ, ఎముక, చర్మం. రెండో వైపు రబ్బరు, ప్లాస్టిక్, పైపు. ఇండెక్స్ 13 నుంచి 5కు తగ్గి, మనిషి వేగం కూడా తగ్గి, అలుపు పెరిగితే దాన్ని మెరుగు అనలేం. అదే 13 ఉండి, పడిపోకుండా బజారుకు వెళ్లొచ్చి, సాయంత్రానికి మోకాలు నొప్పి లేకపోతే దాన్ని కదిలించక్కర్లేదు. నేను భయపడే తేడా బలాల్లో ఉండేది. టైములో తేడా కనపడుతుంది, నలుగురూ అంటారు. బలాల్లో తేడా ఎవరికీ కనిపించదు, మోకాలికే తెలుస్తుంది.

ఈ లెక్క ఒక్కదానితో ఎటు మొగ్గుందో కూడా తెలియదు. ఏ కాలిది ఎక్కువో విడిగా అడగండి. మామూలుగా మంచి కాలు నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, పెట్టుడు కాలి అడుగు పొడుగ్గా, మంచి కాలి అడుగు పొట్టిగా పడుతుంది. పెట్టుడు కాలి మీద ఒంటరిగా నిలబడటానికి నమ్మకం చాలక, మంచి కాలు తొందరగా నేల వెతుక్కుంటుంది. అందువల్ల.

వేగం మారితే అంకెలు మారతాయా?

అన్నీ మారతాయి. అడుగు పొడవు, మోకాలి వంపు, బలాలు, అన్నీ. పోయినసారి సెకనుకు 0.8 మీటర్లు నడిచి, ఈసారి 1.1 మీటర్లు నడిస్తే ఆ రెండు గ్రాఫులను పక్కపక్కన పెట్టి పాదం గొప్పదనం చెప్పడం మోసం అనను కానీ, అజాగ్రత్త. ఒకే వేగంతో ఒకసారి, నచ్చిన వేగంతో ఒకసారి, రెండూ తీసుకోవాలి.

పెట్టుడు కాలి బరువు లెక్కలోకి వస్తుందా?

రావాలి. కీళ్ల దగ్గర బలం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు మామూలుగా శవపరీక్షల నుంచి వచ్చిన పాత పట్టికలు వాడతాయి. వాటి ప్రకారం మోకాలి కింద కాలు, పాదంతో కలిపి, ఒంటి బరువులో దాదాపు 6 శాతం. 70 కిలోల మనిషికి 4.3 కిలోలు. పెట్టుడు కాలు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. బరువు ఉండే చోటు కూడా వేరు. పట్టికను అలాగే వదిలేస్తే కాలు గాలిలో ఊగే దశలో తుంటి, మోకాలి లెక్కలు తప్పుతాయి. నేల మీద ఉన్న దశలో అంత తేడా రాదు, అక్కడ నేల బలమే పెద్దది.

సరిచేయడం కష్టం కాదు. కాలు విప్పినప్పుడు తూకం వేయండి. అంచు మీద నిలబెట్టి బరువు కేంద్రం ఎక్కడుందో చూడండి. పై చివర కడ్డీకి వేలాడదీసి మెల్లగా ఊపి, పది ఊపులకు ఎంత టైము పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తే ఫిజిక్స్ పుస్తకంలోని లోలకం సూత్రంతో జడత్వ భ్రామకం (కాలిని ఊపడం ఎంత కష్టమో చెప్పే అంకె) వచ్చేస్తుంది. మోకాలి పైన కాలు వాడేవాళ్లయితే మోకాలు వంగకుండా లాక్ చేయాలి.

అన్నట్టు, కాలు బరువుగా ఉందని అందరూ అంటారు. పోయిన కాలి కంటే ఇది తేలికే. కానీ ఎముకకు అతుక్కుని లేదు, సాకెట్‌లో వేలాడుతోంది. అందుకే బరువు అనిపిస్తుంది.

మా నాన్నగారు కాలు పక్కనుంచి తిప్పుతూ నడుస్తారు. కొలిస్తే కారణం తెలుస్తుందా?

కారణాల జాబితా కుదించుకుంటుంది. కాలు పొడవు ఎక్కువై ఉండొచ్చు, సాకెట్ జారుతుండొచ్చు, మోకాలు బిగుతుగా ఉండి వంగకపోవచ్చు, వంగితే పడిపోతానని ఆయనే బిగబట్టి ఉండొచ్చు, లేదా పాత కాలితో పడిన అలవాటు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నేను మొదట చూసేది పెట్టుడు మోకాలి కోణం. గాలిలో ఉన్నప్పుడు అది తగినంత వంగుతూ కూడా కాలు పక్కకు తిరుగుతుంటే, మోకాలు కారణం కాదు. పొడవు, సాకెట్, అలవాటు చూడాలి. అసలు వంగకపోతే మోకాలి సెట్టింగ్, లేదా తుంటి దగ్గర ముందుకు లాగే బలం చూడాలి. తర్వాత మంచి కాలి చీలమండ. ఒంటరిగా నిలబడ్డ సమయం మధ్యలో మడమ పైకి లేస్తోందంటే, రెండో కాలికి దారి ఇవ్వడానికి ఆయన మునివేళ్ల మీద లేస్తున్నారన్న మాట. మామూలు నడకలో గాలిలో ఉన్న పాదం వేళ్ల కింద ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే. అంత కొద్ది చోటు కోసమే ఈ అవస్థ అంతా. అయినా పొడవు తగ్గించే ముందు ఆయన్ను అడగండి, వంగితే భయమేస్తోందా అని. గ్రాఫులో భయం కనిపించదు.

జైపూర్ పాదం వాడేవాళ్లను కొలిచేటప్పుడు ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. 1960ల చివర్లో జైపూర్‌లో శిల్పకారుడు రామచంద్ర శర్మ, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి తయారుచేసిన ఈ పాదం చెప్పుల కోసం చేసినది కాదు. ఉత్త కాళ్లతో పొలంలో నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేసుకోవడానికి చేసినది. నటి, నర్తకి సుధాచంద్రన్ దీనితోనే మళ్లీ నాట్యం చేశారు. లోపల రబ్బరు, చెక్క దిమ్మలు ఉంటాయి, బయట రబ్బరు తొడుగు. అన్ని వైపులా కొంత ఒరుగుతుంది. నున్నటి ల్యాబ్ నేల మీద పది మీటర్లు నడిపించి దీన్ని ఖరీదైన కార్బన్ పాదంతో పోలిస్తే, ఇది చేసే పనుల్లో సగం కొలవనే లేదు. గొంతుక్కూర్చుని లేవడం, ఎగుడుదిగుడు నేల, వాలు, మెట్లు కూడా ఉండాలి.

చెప్పుల సంగతి ఇంకోటి. చాలా పాదాలను ఒక సెంటీమీటరు మడమ ఎత్తున్న బూటుకు సరిపోయేలా అలైన్ చేస్తారు. మన ఇళ్లలో గడప దగ్గరే చెప్పులు విడిచేస్తాం. అలా ఉత్త కాలితో నడిస్తే పిక్క పైపు వెనక్కి వాలి, మోకాలు వెనక్కి తోసినట్టు అవుతుంది. ల్యాబ్‌లో బూటుతో బాగున్న నడక ఇంట్లో ఎందుకు బాగాలేదని అడిగేవాళ్లలో చాలామందికి ఇదే జవాబు. రెండు రకాలుగానూ కొలవమని అడగండి.

ఇక్కడ తయారైన కాళ్లకు పరీక్షలు పాసయ్యాయని వార్తల్లో చెబుతారు. అవి ఇవేనా?

కావు. 2022లో ఐఐటీ మద్రాస్ తెచ్చిన ‘కదమ్’ మోకాలు, 2025లో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి విడుదల చేసిన కార్బన్ పాదం లాంటివాటి గురించి వింటుంటాం. ఆ కార్బన్ పాదాన్ని 125 కిలోల బరువు దాకా పరీక్షించారు. అలాంటివి గట్టిదనం పరీక్షలు. ఐఎస్ఓ 10328 ప్రమాణం ప్రకారం యంత్రం ఒక కాలిని 30 లక్షల సార్లు నొక్కి చూస్తుంది. కాలు విరగదని అది చెబుతుంది. దానితో మీరు ఎలా నడుస్తారన్నది మీ ఒంటి మీద కొలిస్తేనే తేలుతుంది. రెండూ కావాలి.

ల్యాబ్‌కు వెళ్లకుండా సెన్సర్లతో కొలవలేమా?

కొలవొచ్చు, రోజంతా కొలవగలగడం వాటి గొప్పదనం. పిక్క మీద కట్టిన చిన్న సెన్సర్‌లో త్వరణం, తిరిగే వేగం కొలిచే చిప్పులు ఉంటాయి. అడుగుల లెక్క, టైములు బాగా వస్తాయి. దూరం లెక్కలో మాత్రం తప్పు క్షణక్షణానికీ పోగవుతుంది. పాదం నేల మీద కదలకుండా ఉన్న ప్రతిసారీ వేగం సున్నా అని సరిదిద్దుతూ పోతారు.

పెట్టుడు కాలితో రెండు చిక్కులు. మడమ తాకిన దెబ్బను మెత్తబరిచే కండ లేక పైపు కంపిస్తుంది, మామూలు కాళ్ల కోసం రాసిన ప్రోగ్రామ్ దాన్ని ఇంకో అడుగుగా లెక్కేయొచ్చు. స్టీలు భాగాలుంటే దిక్సూచి చిప్పు దారి తప్పుతుంది. నెమ్మదిగా నడిచేవాళ్ల అడుగులను చేతి వాచీలు వదిలేస్తాయి కూడా. కాబట్టి కొన్ని నిమిషాలు నడిపించి, చేత్తో లెక్కపెట్టి పోల్చుకున్నాకే నమ్మండి.

కంప్యూటర్ మోకాలు తనంతట తనే కొలుస్తుందట, నిజమేనా?

నిజమే. 1997లో వచ్చిన సీ-లెగ్ అనే కంప్యూటర్ మోకాలు తన కోణాన్ని, పైపు మీద పడే బలాన్ని సెకనుకు 50 సార్లు చూసుకుంటూ, మోకాలు ఎంత బిగవాలో నిర్ణయించుకునేది. కానీ అది చూసేది తనను తానే. మంచి కాలి సంగతి దానికి తెలియదు.

ఫోన్‌తో ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా?

తప్పకుండా. ఫోన్‌ను నడుము ఎత్తులో కదలకుండా పెట్టి, పక్క నుంచి ఒక వీడియో, ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి తీయండి. స్లో మోషన్ ఉంటే ఇంకా మేలు. కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోణాలు, టైములు చూసుకోవచ్చు. మనిషి నడకను వీడియోలోంచే గుర్తుపట్టే కొత్త ప్రోగ్రాములు ఉన్నాయి కానీ, అవి నేర్చుకున్నది ఎక్కువగా మామూలు కాళ్ల బొమ్మల మీద. సన్నటి పైపును చూసి పాదం ఎక్కడుందో తప్పుగా గుర్తించవచ్చు. వచ్చిన గీతలను వీడియో మీద పెట్టి కంటితో సరిచూసుకోండి.

అన్నిటికంటే తేలికైన కొలత నేల మీద పది మీటర్లు గీసి, స్టాప్‌వాచ్ పట్టుకోవడం. ముందూ వెనకా రెండు మీటర్లు అదనంగా వదలండి. నడక వేగం ఒక్కటే చాలా చెబుతుంది.

కొత్త పాదం పెట్టిన రోజే కొలవొచ్చా?

కొలవొచ్చు కానీ, ఆ అంకెలతో తీర్పు ఇవ్వకూడదు. ఒళ్లు పాత పాదానికి అలవాటు పడి ఉంటుంది. కొన్ని వారాలు వాడాక మళ్లీ కొలవండి.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి, ఏం అడగాలి?

రోజూ వేసుకునే చెప్పులు తీసుకెళ్లండి, కొత్తవి వద్దు. సాక్సులన్నీ, పొట్టి నిక్కరు, కర్ర వాడితే కర్ర. ఎక్కడ నొప్పి, ఏ వేళకు మొదలవుతుంది అన్నది రాసుకుని వెళ్లండి. స్టంప్ మీద పుండు ఉంటే కొలత వాయిదా వేయించుకోండి.

రంగురంగుల గ్రాఫులు ఇరవై పేజీలు చేతిలో పెట్టి పంపడం కొన్నిచోట్ల చూశాను, అది సేవ కాదు. మూడు ప్రశ్నలు అడగండి. నా మంచి కాలి మీద ఎంత ఎక్కువ బరువు పడుతోంది? సరిచేయాల్సింది సాకెట్టా, అలైన్‌మెంటా, పాదమా, లేక వ్యాయామమా? మళ్లీ ఎప్పుడు కొలవాలి? ల్యాబ్ మారే అవకాశం ఉంటే కొలతలన్నీ ఉండే సీ3డీ రకం ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఏ కంపెనీ కెమెరాలున్న ల్యాబ్ అయినా దాన్ని దాదాపుగా తెరవగలదు. ఏ వేగం, ఏ చెప్పులు, ఎన్ని సాక్సులు అన్నది ఆ ఫైలు పేరు పక్కనే రాయించుకోండి.